వేయించిన నూడుల్సు: ఒక పొట్లం వెనుక చరిత్ర



చరిత్ర పాఠం అనగానే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కోటగోడలు గుర్తుకు వస్తాయి. ఈ ప్రసంగంలో మనం చేతికి తీసుకునే ఆధారం వీటిలో ఏదీ కాదు. అది దుకాణంలో దొరికే ఒక పొట్లం. దాని మీద జపాను భాషలో 'యాకిసోబా' అని రాసి ఉంటుంది. 'యాకి' అంటే కాల్చిన లేదా వేయించిన అని అర్థం. 'సోబా' అంటే ఇక్కడ నూడుల్సు. అంటే ఇవి వేయించిన నూడుల్సు. వెనుక వైపు తిప్పి వండే విధానం చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. నీళ్ళు మరగబెట్టమంటారు, నూడుల్సు వేయమంటారు, నీరు ఇగిరిపోయాక పొడి చల్లమంటారు. ఒక్క చెంచా నూనె అయినా పోయమనరు. మరి వేయించడం ఎక్కడ జరిగింది? ఎవరు వేయించారు? ఎందుకు మన పొయ్యి మీద కాకుండా మరెక్కడో వేయించవలసి వచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ వెళితే యుద్ధంలో ఓడి ఆకలితో ఉన్న ఒక దేశం దగ్గరకు చేరతాం.

ముందు వంటింట్లోకి వెళదాం. పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన ఉండగానే పొయ్యి వెలిగించండి. జపాను పొట్లం పెద్ద నగరాల దుకాణాల్లో దొరుకుతుంది. మాంసాహారం తిననివారు ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో తప్పక చూసుకోవాలి. ఈ రకం పొడుల్లో తరచు పంది మాంసం సారమో, కోడి సారమో కలుస్తుంది. జపాను సరుకు దొరకకపోతే మామూలు ఇన్‌స్టంట్ నూడుల్సుతోనైనా ఈ పరిశీలన సాగుతుంది.

వండకముందే ఒక చిన్న ముక్క విరిచి తెల్ల కాగితంలో పెట్టి గట్టిగా నలపండి. కాగితానికి నూనె మరక అంటుతుంది. మరో ముక్కను భూతద్దం కింద చూడండి. పోగు విరిగినచోట సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. మామూలు సేమ్యా పోగును పక్కన పెట్టి పోల్చండి. సేమ్యా గాజుపుల్లలా గట్టిగా ఉంటుంది. ఈ నూనె మరకనూ, ఈ రంధ్రాలనూ గుర్తుంచుకోండి, వీటి పని మళ్ళీ ఉంది.

ఇప్పుడు బాణలిలో కొంచెం క్యాబేజీ తరుగు వేయించి పక్కన పెట్టుకోండి. అదే బాణలిలో సుమారు 220 మిల్లీలీటర్ల నీళ్ళు మరగనిచ్చి నూడుల్సు బిళ్ళ వేయండి. కాసేపటికి తిరగేసి, పోగులు విడదీస్తూ, నీరంతా ఇగిరేదాకా కలుపుతూ ఉండండి. మొత్తం మూడు నాలుగు నిమిషాల పని. మంట తీసేసి పొడి చల్లి, క్యాబేజీ కలపండి. పొట్లంలో సముద్రపు నాచు పొడి ఉంటే చివర చల్లుతారు. రుచిలో తీపి, పులుపు, ఉప్పు ఉంటాయి, కారం దాదాపు ఉండదు. మన నాలుకకు మొదటి ముద్ద చప్పగా తోస్తుంది. అయినా పచ్చిమిరపకాయల కోసం వెంటనే పరుగెత్తకండి. రెండు ముద్దలు అలాగే తిని చూస్తే ఆ పులుపు ఏమిటో తెలుస్తుంది.

ఆ పులుపు ఇంగ్లండు నుంచి వచ్చింది. వూస్టర్ సాస్ అనే బ్రిటిష్ ద్రావకాన్ని 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో జపానువారు తమ పద్ధతిలో, ఇంకాస్త తీపిగా తయారుచేయడం మొదలుపెట్టారు. యాకిసోబా రుచికి మూలం అదే. అసలు వూస్టర్ సాస్‌లో కలిపే వస్తువుల్లో చింతపండు ఒకటి. ఆ సాస్ తయారీ విధానాన్ని ఒక దొర బెంగాల్ నుంచి పట్టుకెళ్ళాడని ఒక కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. దానికి నమ్మదగిన ఆధారం లేదు. చింతపండు మాత్రం నిజం.

పేరు సంగతి కూడా చూడండి. జపాను భాషలో సోబా అంటే అసలు బక్‌వీట్ అనే ధాన్యం, దాని పిండితో చేసిన నూడుల్సు. యాకిసోబాలో ఆ ధాన్యం ఉండదు, ఉండేది గోధుమపిండి. చైనావారి గోధుమ నూడుల్సు జపానులో అడుగుపెట్టినప్పుడు అక్కడి జనం వాటిని తమకు తెలిసిన మాటతోనే 'చైనా సోబా' అని పిలిచారు. ఆ మాట అలా నిలిచిపోయింది. మన సీమచింత చింత కానట్టే, యాకిసోబా సోబా కాదు. పరాయి వస్తువుకు ఇంటి పేరు పెట్టి కలుపుకోవడం అన్ని భాషలూ చేసే పనే.

ఇక వేయించడం దగ్గరకు వద్దాం. ఆ పని ఫ్యాక్టరీలోనే జరిగిపోయింది. గోధుమపిండిని కొంత ఉప్పు, క్షారజలంతో కలుపుతారు. మనం అప్పడాల పిండిలో క్షారం కలపడం లాంటిదే ఇది. దీనివల్లనే నూడుల్సుకు పసుపు ఛాయ, సాగే గుణం వస్తాయి. తరువాత సన్నని పోగులుగా కోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అప్పటికే పిండి ఉడికిపోయింది. ఆపైన ఒక్కొక్క బిళ్ళను చిల్లుల అచ్చులో పెట్టి 140 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నూనెలో ఒకటి రెండు నిమిషాలు ముంచుతారు. ఇంట్లో జంతికలు చేస్తున్నప్పుడు మీరు గమనించే ఉంటారు. పిండి నూనెలో పడగానే పెద్ద నురుగు వస్తుంది. ఆ నురుగంతా పిండిలోని నీరు ఆవిరై బయటకు వస్తున్న గుర్తు. నురుగు తగ్గాక జంతిక వేగిందని అమ్మ తీసేస్తుంది. ఇక్కడా అంతే. నీరు ఒక్కసారిగా ఆవిరై పోతూ పోతూ పోగుల్లో రంధ్రాలు చేసి వెళుతుంది. ఇందాక భూతద్దంలో మీరు చూసినవి ఆ దారులే. చివరకు మిగిలే తేమ 2 నుంచి 5 శాతం. పోయిన నీటి చోట కొంత నూనె చేరి, బిళ్ళ బరువులో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తేమ లేదు కనుక నెలల తరబడి పాడవదు. రంధ్రాలున్నాయి కనుక వేడినీరు వేగంగా లోపలికి చొరబడుతుంది. ముందే ఉడికింది కనుక మళ్ళీ ఉడకవలసిన అవసరం లేదు.

ధాన్యాన్ని ముందే ఉడికించి, ఆరబెట్టి, అవసరమైనప్పుడు నీటితో మెత్తబరచుకోవడం అనే ఆలోచన కొత్తది కాదు. మన అటుకులు చేసేది అదే పని. నానబెట్టి వేడిచేసిన వడ్లను దంచి అటుకులు చేస్తారు. తినేటప్పుడు నీళ్ళు చల్లితే చాలు. ప్రయాణాల్లో, పొయ్యి వెలిగించే వీలులేని చోట అటుకుల మూట ఎందుకు పనికివచ్చిందో ఆలోచించండి. జపాను నూడుల్సులో కొత్తదనం నూనెతో ఆరబెట్టడంలో ఉంది, దానిని కోట్ల సంఖ్యలో చేయగలగడంలో ఉంది.

అయితే అన్నం తినే దేశంలో ఇన్ని గోధుమలు ఎక్కడివి? 1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. అంతవరకు తైవాన్, కొరియాలు దాని వలసలు. అక్కడి నుంచి బియ్యం వచ్చేది. ఓటమితో ఆ బియ్యం ఆగిపోయింది. ఆ ఏడాది పంట కూడా దారుణంగా దెబ్బతిన్నది. సముద్రాల ఆవలి నుంచి సైనికులు, పౌరులు కలిసి 60 లక్షల మందికి పైగా తిరిగి వచ్చారు. తినేవారు పెరిగారు, తిండి తగ్గింది. 1946 మే 19న టోక్యోలో చక్రవర్తి భవనం ఎదుటి మైదానంలో రెండున్నర లక్షల మంది చేరి తిండి కోసం ప్రదర్శన జరిపారు. రేషను సరుకులు ఆలస్యంగా, అరకొరగా అందేవి. జనం దొంగబజారులో కొనుక్కుని బతికారు. టోక్యోలో యమాగుచి యోషితదా అనే న్యాయమూర్తి ఉండేవారు. దొంగబజారు కేసులు విచారించే తాను అక్కడి సరుకు తినకూడదని పట్టుబట్టి, రేషను మీదనే బతకబోయి 1947 అక్టోబరులో పోషకాహారం లేక మరణించారు. చట్టప్రకారం నడుచుకుంటే చనిపోయే పరిస్థితి అన్నమాట.

ఆ ఆకలిలోకి అమెరికా గోధుమలు వచ్చాయి. మొదట సహాయంగా వచ్చాయి. పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం కింద రొట్టె, పాలపొడి ఇచ్చారు. 1954లో అమెరికా 'పబ్లిక్ లా 480' అనే చట్టం చేసింది. అక్కడి రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని ఇతర దేశాలకు వాటి సొంత కరెన్సీలోనే అమ్మే వీలు ఈ చట్టం కల్పించింది. జపాను 1955లో ఒప్పందం కుదుర్చుకుంది. మరుసటి ఏడాది నుంచి 'కిచెన్ కారు' అనే బస్సులు జపాను పల్లెల్లో తిరిగాయి. బస్సు వెనుక తలుపు తెరిస్తే పొయ్యి, గిన్నెలు, ఒక పోషకాహార నిపుణురాలు. గృహిణులను పిలిచి గోధుమపిండి వంటలు చేసి చూపేవారు. దీనికి డబ్బు ఇచ్చినవారిలో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రపు గోధుమ రైతుల సంఘం ఒకటి. అది దానమా, వ్యాపారమా? నా దృష్టిలో రెండూ. ఆకలి తీరిన మాట ఎంత నిజమో, రేపటి కొనుగోలుదారులను తయారుచేసిన మాట అంతే నిజం. జపానులో ఒక మనిషి ఏడాదికి తినే బియ్యం 1962లో సుమారు 118 కిలోలు. ఇటీవలి సంవత్సరాల్లో అది 50 కిలోల దరిదాపుల్లో ఉంది.

ఇది దూరదేశపు సంగతి అని తీసిపారేయకండి. అదే చట్టం కింద భారతదేశం 1956 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. వరుస కరవుల తరువాత 1966లో మన దేశం దిగుమతి చేసుకున్న ధాన్యం కోటి టన్నులు దాటింది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో 1960లలో చదువుకున్నవారు 'కేర్' సంస్థ ద్వారా వచ్చిన పాలపొడినీ, మొక్కజొన్న రవ్వ ఉప్మానూ ఇప్పటికీ తలచుకుంటారు. టోక్యో పిల్లవాడి రొట్టె, మన పల్లె పిల్లవాడి ఉప్మా ఒకే సముద్రం దాటి వచ్చాయి.

ఈ నేపథ్యంలో మొమొఫుకు ఆండో కథ వినాలి. ఆయన 1910లో తైవాన్‌లో పుట్టారు. అప్పుడది జపాను వలస. పుట్టుకతో ఆయన పేరు గో పెక్‌హోక్. యువకుడిగా బట్టల వ్యాపారం చేసి, ఒసాకా నగరం చేరారు. యుద్ధం ముగిశాక రకరకాల వ్యాపారాలు చేశారు. పన్నుల కేసులో జైలుకు వెళ్ళారు. తాను అధ్యక్షుడుగా ఉన్న ఒక పరపతి సంఘం 1957లో దివాలా తీయడంతో ఉన్నదంతా పోయింది. అప్పటికి ఆయన వయస్సు 47. ఒసాకా దగ్గర ఇకెదాలో ఇంటి పెరట్లో ఒక చిన్న పాక వేసుకుని నూడుల్సుతో ప్రయోగాలు మొదలుపెట్టారు. యుద్ధానంతరం చలిలో ఒక నూడుల్సు బండి దగ్గర బారులు తీరిన జనాన్ని చూశాననీ, అమెరికా గోధుమతో రొట్టెలే ఎందుకు, నూడుల్సు ఎందుకు చేయకూడదని ప్రభుత్వ అధికారిని అడిగాననీ ఆయన తరువాత చెప్పుకున్నారు. నూడుల్సును ఆరబెట్టే మార్గం దొరకక తిప్పలు పడుతుండగా, భార్య మసాకో టెంపురా వేయిస్తుంటే, నూనెలో లేచిన నురుగు చూసి ఆయనకు ఉపాయం తట్టిందట. టెంపురా అంటే మన బజ్జీ లాంటిది. ఈ కథలో నాకు ఆసక్తిగా తోచేది ఆ నురుగు. ప్రతిరోజూ వంటింట్లో స్త్రీలు చూసేదే. వారికది మామూలు విద్య, వ్యాపారి కంట పడితే పేటెంటు!

1958 ఆగస్టు 25న 'చికెన్ రామెన్' అమ్మకానికి వచ్చింది. గిన్నెలో వేసి, మరిగే నీళ్ళు పోసి, రెండు నిమిషాలు మూత పెడితే చాలు. ధర 35 యెన్‌లు. అప్పట్లో పచ్చి నూడుల్సు ఒక పూటకు సరిపడా 6 యెన్‌లకే దొరికేవి. అంటే పేదల తిండిగా మనం అనుకునేది పుట్టినప్పుడు ఖరీదైన సరుకు. అయినా జనం ఎందుకు కొన్నారు? ఆ సంవత్సరాలను చూడండి. టెలివిజన్ ప్రసారాలు 1953లో మొదలయ్యాయి. సూపర్ మార్కెట్లు 1950లలోనే వెలుస్తున్నాయి. ఊళ్ళు వదిలి ఫ్యాక్టరీలకు వచ్చిన యువకులు, రాత్రి చదువుకునే విద్యార్థులు, అపార్టుమెంట్లలో చిన్న కుటుంబాలు పెరుగుతున్నాయి. వారి దగ్గర డబ్బు కన్నా సమయం తక్కువ. పొట్లం అమ్మింది ఆ సమయాన్ని.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక క్షణం ఆగాలి. ఇకెదాలో 1999లో తెరిచిన మ్యూజియంలో ఆ పాక నమూనా ఉంది. ఒక మనిషి, ఒక పాక, ఒక ఏడాది శ్రమ. వినడానికి బాగుంటుంది. కానీ చైనావారికి నూనెలో వేయించి నిలవచేసే 'యీ' నూడుల్సు ఎప్పటి నుంచో తెలుసు. తైవాన్‌లోనూ వేయించిన నూడుల్సు మీద వేడినీళ్ళు పోసుకుని తినే అలవాటు ఉంది. ఆండో పుట్టింది తైవాన్‌లోనే. రుచి కలిపిన పొడి నూడుల్సును మరో జపాను సంస్థ 1955లోనే అమ్మింది. జపానులో నివసిస్తున్న చాంగ్ కువోవెన్ అనే తైవాన్ వ్యక్తి కూడా 1958లోనే ఇలాంటి సరుకు తెచ్చి పేటెంటు కోరారు. ఆ హక్కును ఆండో సంస్థ 1961లో డబ్బు చెల్లించి కొనుక్కుంది. కాబట్టి 'కనిపెట్టారు' అనే మాటను జాగ్రత్తగా వాడాలి. తెలిసిన పద్ధతిని ఫ్యాక్టరీలో నిలకడగా జరిపించడం, దేశమంతా పంపిణీ చేయడం, హక్కులు కాపాడుకోవడం, ఆపైన ఇతరులకు అనుమతి ఇవ్వడం ఆండో గొప్పతనం. అది చిన్న విషయమేమీ కాదు. కానీ మ్యూజియం చెప్పే కథ సంస్థ చెప్పుకునే కథ. శాసనం వేయించిన రాజు తన విజయాలే చెక్కించుకుంటాడు కదా!

మన పొట్లం పుట్టింది 1963లో. ఆండో స్థాపించిన నిస్సిన్ సంస్థ ఆ ఏడాది ఇన్‌స్టంట్ యాకిసోబాను సంచిలో అమ్మింది. మీరు ఇందాక బాణలిలో వండిన పద్ధతి అప్పటిదే. 1971లో అదే సంస్థ 'కప్ నూడుల్'ను తెచ్చింది. ధర 100 యెన్‌లు. 1972 ఫిబ్రవరిలో కరుయిజావా కొండల్లో అసామా అనే విడిదిగృహంలో కొందరు సాయుధ తీవ్రవాదులు ఒక స్త్రీని బందీగా పట్టుకుని పది రోజులు పోలీసులను ఎదిరించారు. గడ్డకట్టే చలి. పోలీసులకు తెచ్చిన అన్నం డబ్బాలు గట్టిపడిపోయాయి. వారు మంచులో నిలబడి పొగలు కక్కే కప్పుల్లోంచి నూడుల్సు తినడాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఏ ప్రకటనకూ దక్కని ప్రచారం అది.

కప్పు యాకిసోబా 1970ల మధ్యలో వచ్చింది. 1975లో 'పేయంగు', 1976లో 'యు.ఎఫ్.ఓ.' ఈ రకాల్లో పేరు పొందాయి. వీటిలో వేడినీళ్ళు పోసి, మూడు నిమిషాల తరువాత ఆ నీటిని వంచేసి, సాస్ కలుపుకుంటారు. అంటే ఇంట్లో వేయించడమనే పని పూర్తిగా మాయమైంది, పేరు మాత్రం మిగిలింది. ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపంలో 1975 నుంచి అమ్ముతున్న ఒక రకంలో సూప్ పొడి కూడా ఇస్తారు. వంచిన వేడినీటిని పారబోయకుండా దానితోనే సూప్ కలుపుకుంటారు. చలిదేశంలో వేడినీటి విలువ తెలిసినవారి పద్ధతి.

భారతదేశానికి ఇన్‌స్టంట్ నూడుల్సును పరిచయం చేసింది జపాను సంస్థ కాదు. 1983లో స్విట్జర్లాండుకు చెందిన నెస్లే 'మ్యాగీ'తో వచ్చి, మసాలా రుచితో పిల్లల సాయంత్రపు ఆకలిని పట్టుకుంది. నిస్సిన్ 1991లో 'టాప్ రామెన్'తో అడుగుపెట్టేసరికి ఆ రంగం నిండి ఉంది. 2015 జూన్‌లో సీసం పరిమితి విషయమై మ్యాగీ అమ్మకం దేశమంతటా నిలిపివేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నవంబరులో అది మళ్ళీ దుకాణాలకు వచ్చింది. ప్రపంచమంతటా 2023లో తిన్న ఇన్‌స్టంట్ నూడుల్సు సుమారు 12,000 కోట్ల పూటలు. అందులో భారతదేశం వాటా 800 కోట్లకు పైనే.

ఆరోగ్యం గురించి ఒక్క మాట. పెద్దవారు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. జపాను సూప్ నూడుల్సు ఒక్క పొట్లంలోనే, సూప్ అంతా తాగితే, దాదాపు అంత ఉప్పు ఉంటుంది. పొట్లం మీది పట్టికలో సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు తెలుస్తుంది. లెక్క కట్టి చూడండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. పొట్లం మీది పదార్థాల పట్టికను నోటుపుస్తకంలో ఎక్కించుకుని, గోధుమపిండి, పామాయిల్ ఏ దేశాల నుంచి వచ్చే అవకాశం ఉందో మీ భూగోళశాస్త్ర అధ్యాపకులతో కలిసి పటం మీద గుర్తించండి. ఆ తరువాత మీ ఇంట్లోనో, వీధిలోనో 1970కి ముందు బడికి వెళ్ళిన పెద్దవారిని వెతకండి. బడిలో ఏం పెట్టేవారు, ఏ గిన్నెలో తెచ్చుకునేవారు, రేషను దుకాణంలో ఏ ధాన్యం ఇచ్చేవారు, అది మొదటిసారి తిన్నప్పుడు ఎలా అనిపించింది అని అడగండి. వారు చెప్పిన మాటలను వారు చెప్పినట్టే రాసి, ఊరి పేరు, సంవత్సరం కింద వేయండి. వచ్చే తరగతికి ఆ కాగితం తీసుకురండి.